బోంజూర్ అంటే... భోజనం సిద్ధం!

ఐఫిల్ టవరెక్కారు. లూవ్ర్ మ్యూజియంలో జనం తలల మధ్య నుంచి మోనాలిసాని చూశారు. సెన్ నదిలో పడవ షికారూ అయింది. సాయంత్రం ఏడున్నర. కాళ్లు పీకుతున్నాయి, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఎదురుగా పెద్ద రోడ్డు మీద వరుసగా హోటళ్లు. ఆరు భాషల్లో మెనూ, ప్రతి వంటకానికీ రంగుల ఫొటో, గుమ్మంలో నిలబడి 'రండి రండి' అని పిలిచే మనిషి. ప్యారిస్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది అక్కడే కూలబడిపోతారు. చల్లారిపోయిన బంగాళాదుంప వేపుడూ రబ్బరులాంటి చికెనూ తిని, బిల్లు చూసి గుండె పట్టుకుని, 'ఫ్రెంచి వంట ఫ్రెంచి వంట అంటే ఇదేనా' అనుకుంటూ బయటికొస్తారు.

ఆ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి నడిస్తే సంగతి వేరు. వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. పైన ఇళ్లు, కింద ఒక మందుల షాపు, ఒక రొట్టెల కొట్టు. వాటి పక్కన రంగు వెలిసిన పందిరిగుడ్డ కింద ఓ చిన్న భోజనశాల. తలుపు పక్కన నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో గొలుసుకట్టు రాతలో నాలుగైదు వంటకాల పేర్లు. ఎవరూ పిలవరు. లోపల పది పదిహేను బల్లలు, వాటి చుట్టూ ఆ వీధివాళ్లే. వెళ్లాలనిపిస్తుంది. కానీ భాష రాదు, ఆ రాత అర్థంకాదు, ఏం తెచ్చిపెడతారో తెలీదు. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు.

ఆ చిన్న భోజనశాల పేరే బిస్ట్రో. కాస్త ముందుగా తెలుసుకుని వెళ్తే, ప్యారిస్ ప్రయాణంలో ఐఫిల్ టవర్‌కన్నా ఎక్కువకాలం గుర్తుండిపోయేది అదే కావచ్చు!

బొగ్గు నుంచి వంటింటికి

ఫ్రాన్స్‌లో అన్ని హోటళ్లూ ఒకటి కాదు. 'బ్రాసరీ' అంటే పెద్ద హాలు, అద్దాలు, పొద్దుణ్నుంచి అర్ధరాత్రి దాకా ఏదో ఒకటి దొరికే చోటు. ఆ పేరుకి అసలు అర్థం బీరు కాచే చోటని. 'కెఫే' అంటే కాఫీ, కబుర్లు. 'రెస్టరెంట్' అంటే తెల్ల దుప్పట్లు, మర్యాదలు. బిస్ట్రో వీటిలో దేనికీ పూర్తిగా చెందదు. భర్త గల్లాపెట్టె దగ్గరో వంటగదిలోనో, భార్య బల్లల మధ్యా తిరిగే ఇంటి హోటల్ లాంటిది. హైదరాబాద్‌లో ఇరానీ హోటల్‌కి వెళ్లేవాళ్లకి ఆ వాతావరణం ఇట్టే పట్టుబడుతుంది. అదే గోడలు, అవే కుర్చీలు, ఏళ్లతరబడి అదే మూలన కూర్చునే అదే పెద్దాయన.

ఆ పేరెలా వచ్చిందంటే చాలామంది ఒక కథ చెబుతారు. 1814లో నెపోలియన్‌ని ఓడించి ప్యారిస్‌లోకి వచ్చిన రష్యా సైనికులు, మోన్మార్త్ర్ కొండమీది ఓ హోటల్లో కూర్చుని 'బిస్త్రో... బిస్త్రో' అని అరిచారట. రష్యన్ భాషలో 'త్వరగా' అని దానర్థం. ఆ కొండమీద లా మేర్ కాథరీన్ అనే హోటల్ గోడకి ఈ సంగతి చెప్పే ఫలకం కూడా ఉంది. యాత్రికులు దాంతో ఫొటోలు దిగుతారు. భాషా శాస్త్రవేత్తలు మాత్రం ఒప్పుకోరు. ఆ మాట ఫ్రెంచి పుస్తకాల్లో కనిపించేది 1880ల నుంచే. డెబ్భై ఏళ్లపాటు ఆ పదం ఎక్కడ దాక్కుందని వాళ్ల ప్రశ్న. అయినా 'త్వరగా' అన్న అర్థంతో పేరొచ్చిన చోట భోజనానికి రెండు గంటలు పట్టడమే ఈ కథలో తమాషా.

అసలు కథ ఇంకా బాగుంటుంది. ఫ్రాన్స్ మధ్యభాగంలో ఓవెర్న్ అనీ, దాని పక్కనే అవేరోన్ అనీ కొండ ప్రాంతాలున్నాయి. బీద నేల, కొరికే చలి. అక్కడి మగవాళ్లు పొట్టచేత పట్టుకుని ప్యారిస్ వచ్చి, బాల్చీలతో నీళ్లు మోసి మేడల పై అంతస్తులకి చేర్చేవారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇళ్లకి కుళాయిలు రావడంతో ఆ పని పోయింది. దాంతో కట్టెలూ బొగ్గూ అమ్మడం మొదలుపెట్టారు. భర్త బొగ్గు బస్తా మోసుకెళ్తే, కొట్లో కూర్చున్న భార్య వచ్చినవాళ్లకి గ్లాసెడు వైను పోసేది. కొన్నాళ్లకి పొయ్యిమీద ఉడుకుతున్న తమ ఇంటి కూరే ఓ పళ్లెంలో పెట్టివ్వడం మొదలైంది. 'వైను-బొగ్గు' అని బోర్డు పెట్టుకున్న ఆ మసి కొట్లే ఎన్నో బిస్ట్రోలకి పురిటిల్లు. ఆ వలసజీవుల కోసం 1882లో 'లోవెర్న్యా ద పారీ' అని ఏకంగా ఓ పత్రికే వెలిసింది. రచయితలూ రాజకీయ నాయకులూ వరసకట్టే బ్రాసరీ లిప్‌ని పేరులోకి తెచ్చిన మార్సెలాఁ కాజ్ కూడా ఆ అవేరోన్ నుంచి వచ్చినవాడే. ఇప్పటికీ చాలా బిస్ట్రోల్లో మాంసం కోసుకోవడానికిచ్చే కత్తి పిడిమీద చిన్న తేనెటీగ బొమ్మ కనిపిస్తుంది. అది ఆ ప్రాంతంలోని లాయోల్ అనే ఊరి పేరుతో ప్రసిద్ధమైన కత్తి.

ఏ వీధిలో... ఏ వేళప్పుడు

ప్యారిస్‌ని ఇరవై వార్డులుగా విడగొట్టారు. ఊరి నడిమధ్య ఒకటో వార్డుతో మొదలై, నత్తగుల్ల మీద గీతలా చుట్టూ తిరుగుతూ ఇరవైతో ముగుస్తుంది. చూడాల్సిన కట్టడాలు చాలావరకూ మొదటి ఎనిమిదింటిలో ఉంటాయి. సంసారాలు సాగేది పదకొండు, పన్నెండు, పద్నాలుగు, పదిహేను, ఇరవై లాంటి వార్డుల్లో. నిశ్శబ్దంగా ఉండే బిస్ట్రోలూ అక్కడే ఎక్కువ. ఉదాహరణకి పదకొండో వార్డులో ఫెదెర్బ్-షాలిన్యీ మెట్రో స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలో ఉండే రూ పాల్ బెర్ అనే చిన్న వీధిలోనే, ఆ వీధి పేరుతోనే బిస్త్రో పాల్ బెర్ ఉంది. మిరియాల సాసుతో ఇచ్చే స్టేక్‌కి ఊరంతా పేరు. పేరొచ్చింది కాబట్టి ముందుగా చెప్పకుండా వెళ్తే బల్ల దొరకడం కష్టం. అంత పేరులేనివే చాలామందికి మేలు.

మంచిదాన్ని ఎలా పోల్చుకోవాలి? మెనూ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ముగ్గురు మనుషులున్న వంటగదిలో అరవై వంటకాలు తాజాగా వండటం ఎవరివల్లా కాదు. అవన్నీ ఫ్రీజర్‌లోంచి వచ్చేవేనని ఫ్రెంచివాళ్లే చెబుతారు. ఈ గొడవ ముదిరే 2014లో అక్కడి ప్రభుత్వం 'ఫే మేజోఁ'... అంటే 'ఇంట్లో చేసింది' అనే గుర్తును చట్టంలో పెట్టింది. గిన్నె మీద ఇంటి కప్పు బొమ్మ దాని ఆనవాలు. మిషెలిన్ గైడు నక్షత్రాల సంగతి అందరికీ తెలుసు కానీ, తక్కువ ధరకి మంచి భోజనం పెట్టేవాటికి 1997 నుంచీ 'బిబ్ గూర్మాఁ' అని వేరే గుర్తిస్తోంది. జేబు చూసుకుని వెళ్లేవాళ్లు వెతకాల్సింది ఆ జాబితానే. ధరలతో సహా మెనూ బయట పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. కాబట్టి లోపలికి వెళ్లి మొహమాటపడాల్సిన పనిలేదు. గుమ్మం బయటే నిలబడి లెక్క చూసుకోవచ్చు.

వేళల విషయంలో మాత్రం ఫ్రెంచివాళ్లు మహా పట్టుదల మనుషులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా, మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నర నుంచి... అంతే! నాలుగింటికి ఆకలేస్తోందని తలుపు తడితే వంటగది మూసి ఉంటుంది. ఆదివారం, సోమవారం చాలా బిస్ట్రోలకి సెలవు. ఆగస్టులో అయితే యజమానులు తాళం వేసి మూడు నాలుగు వారాలు ఊళ్లకి వెళ్లిపోతారు. పిల్లలకి వేసవి సెలవులని ఆగస్టులో టిక్కెట్లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వీధివాళ్లు ఎనిమిదీ ఎనిమిదిన్నరకి కానీ రారు. పెద్దవాళ్లూ పిల్లలూ వెంట ఉన్నవాళ్లు ఏడున్నరకే బల్ల చెప్పుకుంటే హాయి. గది ఖాళీగా ఉంటుంది, వడ్డించేవాళ్లకి మాట్లాడే తీరికా ఉంటుంది. ఖర్చు తగ్గాలంటే మధ్యాహ్నమే వెళ్లాలి. ఆఫీసులవాళ్ల కోసం 'ఫార్మ్యుల్' అని రెండు మూడు రకాలు కలిపి ఒక ధర పెడతారు. ప్యారిస్‌లో సుమారు ఇరవై యూరోల మాట. అదే వంటగది, అదే వంటవాడు, రాత్రికి ధర పెరుగుతుంది.

ఒక్క మాటతో తలుపు తెరుచుకుంటుంది

తలుపు తీయగానే ఎదురుగా ఎవరుంటే వాళ్లతో 'బోంజూర్ మదామ్' అనో 'బోంజూర్ మెస్యూ' అనో అనాలి. చీకటిపడ్డాక 'బోంస్వార్'. దీన్ని చిన్న విషయం అనుకోకూడదు. ప్యారిస్‌ వెయిటర్లకి పొగరు ఎక్కువని లోకమంతా చెప్పుకుంటుంది. చెప్పేవాళ్లలో సగంమంది పలకరింపు లేకుండా 'టేబుల్ ఫర్ ఫోర్' అని మొదలుపెట్టేవాళ్లే! వాళ్ల లెక్కలో బిస్ట్రోకి రావడమంటే ఒకరి ఇంటికి రావడం. ఇంట్లోకొచ్చి పలకరించకుండా కంచం అడిగితే మనం మాత్రం ఊరుకుంటామా?

కూర్చున్నాక రొట్టె ముక్కల బుట్ట వస్తుంది. దానికి డబ్బులుండవు. నీళ్లు అడగగానే సీసా కావాలా అంటారు. అది కొనాల్సింది. 'ఊన్ కారాఫ్ దో' అంటే కూజాడు కుళాయి నీళ్లు తెచ్చి పెడతారు, ఉచితంగా. ప్యారిస్ కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. భోజనంతోపాటు రొట్టె, నీళ్లు ఇవ్వడం 1967 నాటి ఉత్తర్వుల ప్రకారం హోటలువాళ్ల బాధ్యత. ఉచితంగా నీళ్లు దొరుకుతాయని కనిపించేలా రాయాలన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చింది.

ఇక నల్లబల్ల. 'ఆంత్రే' అంటే మొదట తినేది. అమెరికాలో ఈ మాటకి ప్రధాన వంటకమని అర్థం, అందుకే అక్కడ్నుంచి వచ్చే మన పిల్లలు తికమకపడతారు. 'ప్లా' అసలు భోజనం, 'దెసేర్' తీపి. 'ప్లా దు జూర్' అంటే ఆ రోజు ప్రత్యేకం. ఏం తోచకపోతే అది చెప్పేయడమే తెలివి. పొద్దున బజారులో ఏది బాగుంటే అది కొని వండిందే సాధారణంగా ఆ పేరుతో వస్తుంది.

కొన్ని పేర్లు మాత్రం ముందే తెలిసి ఉండాలి. 'బెఫ్' గొడ్డుమాంసం, 'వో' దూడ మాంసం, 'పోర్' పంది. 'తార్తార్' అని ఉంటే అది పచ్చి మాంసం కైమా. పొయ్యి ఎక్కదు! 'ఆందుయెత్' చూడటానికి ముచ్చటైన సాసేజ్. లోపల పంది పేగులు. తెలంగాణలో బోటీ కూర ఇష్టపడేవాళ్లు కూడా దాని వాసనకి ఒకసారి ఆలోచిస్తారు. 'బూదాఁ న్వార్' మన నల్ల వేపుడుకి దగ్గరి చుట్టం, కాకపోతే పంది రక్తంతో చేస్తారు. స్టేక్ చెబితే ఎంత కాల్చాలని అడుగుతారు. బాగా కాలాలంటే 'బియాఁ క్వీ' అనాలి. వెయిటర్ కనుబొమలు కాస్త పైకి లేస్తాయి. పట్టించుకోనక్కర్లేదు.

గొడ్డుమాంసం, పంది తిననివాళ్లకి దారి లేదనుకోవద్దు. 'కాన్ఫీ ద కనార్' అని బాతు కాలుని ఉప్పులో ఊరబెట్టి, బాతు కొవ్వులోనే గంటలతరబడి సన్నసెగ మీద వండుతారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మాంసం నిల్వచేసుకోవడానికి నైరుతి ఫ్రాన్స్ రైతులు కనిపెట్టిన పద్ధతి. ఒకరకంగా వాళ్ల మాంసం పచ్చడి అన్నమాట. పైన కరకర, లోపల వెన్న. 'బ్రాందాద్' అంటే ఉప్పుచేపని నానబెట్టి మెత్తగా చేసిన వంటకం. బిస్ట్రోల్లో బంగాళాదుంప కలిపి ఓవెన్‌లో పెట్టి తెస్తారు. గోదావరి జిల్లాలవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. ఓవెన్‌లో కాల్చిన కోడి సరేసరి.

శాకాహారులకే అసలు పరీక్ష. ఉల్లిపాయ సూపే కదా అని చెప్పేస్తారు, దాన్ని కాచేది సాధారణంగా గొడ్డు ఎముకల రసంతో. ఆకుకూరల సలాడే కదా అనుకుంటారు, అందులో 'లార్దోఁ' అని పంది మాంసం తునకలుంటాయి. కాబట్టి బల్ల చెప్పుకునేటప్పుడే ఫోన్‌లో 'సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ'... మాంసం, చేపా వద్దు అని చెప్పేయాలి. ముందు తెలిస్తే వంటవాడు ఏదో ఒకటి చేసిపెడతాడు, బల్లలన్నీ నిండాక అడిగితే మొహం మాడ్చుకుంటాడు. ఉడికించిన తెల్లటి లీకు కాడల మీద ఆవాల రసం పోసిన 'ప్వారో వినెగ్రెత్', మేకపాల చీజ్ పెట్టిన వేడి రొట్టె, పాలూ మీగడతో ఓవెన్‌లో ఉడికించిన బంగాళాదుంపల 'గ్రాతాఁ'... ఇవన్నీ కలిపితే ఓ పూట నిండుగా గడిచిపోతుంది. గుడ్డు తినేవాళ్లకి 'ఎఫ్ మాయొనేజ్' ఉండనే ఉంది. సగానికి కోసిన ఉడికిన గుడ్డు, పైన ఆవాల ఘాటు తగిలే మాయొనేజ్. అంతేనా అనుకుంటాం. దాన్ని కాపాడుకోవడానికి ఫ్రాన్స్‌లో ప్రత్యేకంగా ఓ సంఘమే ఉంది, పోటీలు కూడా పెడుతుంది! కారం మాత్రం ఎక్కడా దొరకదు. సంచీలోంచి ఆవకాయ సీసా తీయాలనిపించినా, వంటవాడు చూడకుండా ఉండటం మంచిది.

చీజ్ తీపికన్నా ముందొస్తుంది. పెరుగన్నం లేకపోతే భోజనం పూర్తవనివాళ్లకి 'ఫ్రొమాజ్ బ్లాఁ' ఉంటుంది. పేరుకి చీజ్ కానీ, గుడ్డలో వడకట్టిన గడ్డపెరుగులాగే ఉంటుంది. తర్వాత కస్టర్డ్‌లో తేలే గుడ్డు తెల్లసొన మబ్బు 'ఇల్ ఫ్లొతాంత్', తిరగేసి కాల్చిన యాపిల్ పళ్ల 'తార్త్ తాతాఁ'. కాఫీ వీటితో రాదు, అన్నీ అయ్యాకే వస్తుంది. పాలు లేకుండా, గుక్కెడంత. బిల్లు అడిగేదాకా ఇవ్వరు. వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ల మర్యాద. 'లాదిసియోఁ, సిల్ వు ప్లే' అంటే తెస్తారు. సర్వీసు ఛార్జీ 1987 నుంచీ ధరలోనే కలిసి ఉంటోంది. నచ్చితే నాలుగు నాణేలు బల్లమీద పెట్టొచ్చు, పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

తాళం పడుతున్న తలుపులు

వెళ్లాలనుకుంటే త్వరగా వెళ్లడం మంచిదని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 1960లో ఫ్రాన్స్ మొత్తంమీద రెండు లక్షల కెఫేలు, బిస్ట్రోలు ఉండేవనీ, ఇప్పుడు నలభై వేలు కూడా లేవనీ అక్కడి పత్రికలు తరచూ రాస్తుంటాయి. మూడు దశాబ్దాల కిందట ప్యారిస్ భోజనశాలల్లో సగం బిస్ట్రోలే ఉండేవని, అవి 14 శాతానికి పడిపోయాయని 2018లో బిస్ట్రో యజమానులు లెక్క చెప్పారు. అద్దెలు పెరిగాయి. మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని తినే తీరిక ఉద్యోగులకి తగ్గింది. శాండ్‌విచ్చులూ బర్గర్లూ వచ్చాయి. అన్నిటికీ మించి, పొద్దున ఏడింటికి తలుపు తీసి అర్ధరాత్రి మూసే బతుకు పిల్లలకొద్దనుకునే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. ఆయన రిటైరైతే ఆ తలుపు వెనక బట్టల కొట్టో ఫోన్ల కొట్టో వెలుస్తుంది.

దెబ్బమీద దెబ్బ కూడా తగిలింది. 2015 నవంబరు 13న 130 మందిని పొట్టనపెట్టుకున్న ఉగ్రవాదుల దాడిలో తూటాలు తగిలింది బతాక్లాన్ హాలుకే కాదు... పది, పదకొండు వార్డుల్లో శుక్రవారం సాయంత్రం వీధి బల్లల దగ్గర కూర్చున్న మామూలు జనానికి కూడా. కొద్ది రోజులకే 'అందరూ బిస్ట్రోకి' అన్న పిలుపు పుట్టింది. భయపడి ఇంట్లో కూర్చోకుండా, జనం పనిగట్టుకుని ఆ బల్లల దగ్గరికే వెళ్లారు. తర్వాత కొవిడ్. 2020 మార్చి 14 అర్ధరాత్రి అన్నిటికీ తాళాలు పడ్డాయి. వేసవిలో తెరుచుకుని, అక్టోబరు చివర మళ్లీ మూతపడి, 2021 మే 19 దాకా బయటి బల్లలైనా వేయలేదు. గదుల్లో కూర్చోవడానికి జూన్ 9 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్యారిస్‌లో ల మెస్త్యురే అనే బిస్ట్రో యజమాని ఆలాఁ ఫోంతేన్ నాయకత్వంలోని సంఘం, వీటిని వారసత్వ సంపదగా గుర్తించాలని ఏళ్లుగా పట్టుబట్టింది. ఫ్రెంచివాళ్ల విందు భోజనానికి 2010లో, బగెత్ రొట్టెకి 2022లో యునెస్కో గుర్తింపు దక్కినప్పుడు బిస్ట్రోకెందుకు రాకూడదన్నది వాళ్ల వాదన. 2024 సెప్టెంబరులో బిస్ట్రోలు, కెఫేల సంస్కృతి ఫ్రాన్స్ జాతీయ వారసత్వ జాబితాలో చేరింది. యునెస్కో మెట్టు ఎక్కాలంటే ముందు ఈ మెట్టు ఎక్కాల్సిందే. జాబితాలో పేరుంటే అద్దె తగ్గుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

మరి మిగిలినవాటిని నడుపుతున్నదెవరు? మళ్లీ వలస వచ్చినవాళ్లే! ఓవెర్న్ కొండల వాళ్ల తర్వాత అల్జీరియా నుంచి వచ్చిన కబీలులు ఎన్నో కెఫేలు తీసుకున్నారు. ఈమధ్య చైనా మూలాలున్న కుటుంబాలు చాలా కెఫేలు కొన్నాయి. వంటగదిలోకి తొంగిచూస్తే ఇంకో ఆశ్చర్యం. ఎన్నో ప్యారిస్ భోజనశాలల్లో బాతు కాలుని వేయించేదీ సాసు కలిపేదీ శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు. 2023లో ప్యారిస్‌లోకెల్లా ఉత్తమమైన బగెత్ చేసినందుకు బహుమతి గెలుచుకున్న తర్షన్ సెల్వరాజా కూడా శ్రీలంక తమిళుడే. ఇరవయ్యో వార్డులో ఆయన రొట్టెల దుకాణం. ఆ బహుమతి గెలిచినవాళ్లు ఏడాదిపాటు ఫ్రాన్స్ అధ్యక్ష భవనానికి రొట్టెలు పంపడం ఆనవాయితీ. ఇంతచేసీ ఇంట్లో అమ్మకి ఈ భోజనం రుచించకపోతే బెంగ అక్కర్లేదు. గార్ ద్యు నోర్ రైల్వేస్టేషన్ దాటి లా షాపెల్ వైపు నడిస్తే దోసె, ఇడ్లీ, సాంబారు వాసనే దారి చూపిస్తుంది. మర్నాటి పూట అక్కడ.

ఈ పూట మాత్రం బిస్ట్రోలోనే. పదిన్నర అవుతుంది. మూల బల్ల దగ్గరి పెద్దాయన చివరి గుక్క కాఫీ తాగి, వార్తాపత్రిక మడిచి, కోటు వేసుకుంటాడు. యజమాని భార్య అతనికి తలుపు తీసిపెడుతుంది. వీధిలోని కుర్చీలు ఒకదానిమీద ఒకటి లోపలికి చేరతాయి. బయటికొచ్చేటప్పుడు 'మెర్సీ, ఒ రవ్వార్' అంటే గల్లాపెట్టె దగ్గర్నుంచి 'బొన్ స్వారే' అని బదులొస్తుంది. ఆ తర్వాత ఆయన నల్లబల్లని లోపలికి తెచ్చుకుని, తడిగుడ్డతో ఈ రోజు వంటకాలు తుడిచేసి, సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటాడు.